బొల్లి మచ్చ మీద ట్యాన్ క్రీమ్

మనమేమో ట్యాన్ పోవాలని శెనగపిండి రుద్దుకుంటాం. ట్యాన్ రావాలని క్రీమ్ కొనుక్కునేది విదేశాల్లో. అయినా ఆ సెల్ఫ్ ట్యానర్ గురించి మన వైజాగ్‌లోనూ మాట్లాడుకోవాలి. బొల్లి మచ్చలు కనపడకుండా రాసుకునే కొన్ని క్రీముల్లో ఉండేది కూడా అదే పదార్థం: డైహైడ్రాక్సీఅసిటోన్, పొట్టిగా డీహెచ్‌ఏ. (చేపనూనెలో ఉండే డీహెచ్‌ఏ వేరు, కంగారు పడకండి.)

1950ల్లో అమెరికాలోని సిన్సినాటిలో ఇవా విట్‌గెన్‌స్టీన్ అనే పరిశోధకురాలు, గ్లైకోజెన్ జబ్బున్న పిల్లలకి దీన్ని తాగించేవారు. ఒంటి మీద ఒలికిన చోటల్లా చర్మం గోధుమరంగుకి మారింది, బట్టలకి మాత్రం మరక పడలేదు. పెనం మీద దోసె ఎర్రబడుతుంది చూడండి, దాదాపు అదే రియాక్షన్. చర్మం పైపొరలోని అమైనో ఆమ్లాలతో కలిసి రంగు పుడుతుంది. ఆ పొరలో ఉండేవి చనిపోయిన కణాలే. అవి రాలిపోతే వారం రోజుల్లో రంగూ పోతుంది.

మరి బతికున్న కణాలకి తగిలితే? 2004లో కోపెన్‌హాగన్ పరిశోధకులు ల్యాబ్‌లో పెంచిన మనిషి చర్మకణాల మీద చూశారు. డీఎన్‌ఏ దెబ్బతింది, కణాల విభజన ఆగింది, కొన్ని కణాలు చచ్చిపోయాయి. గాజు పాత్రలో జరిగిందే మీ చేతి మీదా జరుగుతుందని కాదు. 'క్యాన్సర్ క్రీమ్' అంటూ వాట్సాప్‌లో ఫార్వర్డ్ కొట్టేయకండి. కానీ కళ్లు, పెదవులు, ముక్కు లోపలికి ఇది తగలకూడదని అమెరికా ఎఫ్‌డీఏ ఊరికే అనలేదు. యూరప్ కూడా 2021లో ట్యానింగ్ క్రీముల్లో 10 శాతం దాటొద్దని రూల్ పెట్టింది.

నాకు అసలు భయం ఎండ గురించి. బొల్లి వచ్చిన చోట మెలనిన్ ఉండదు. డీహెచ్‌ఏ మార్చేది స్క్రీన్ మీద కనపడే రంగుని మాత్రమే, వెనకాల కోడ్ అలాగే ఉంటుంది. చందనోత్సవం నాడు, అక్షయ తృతీయ ఎండలో, సింహాచలం క్యూలో గంటలకొద్దీ నిలబడే అమ్మాయి 'రంగు కలిసిపోయింది కదా' అనుకుంటే ఆ మచ్చే ముందు కాలుతుంది. పైగా ఈ క్రీమ్ రాసిన చర్మంలో ఎండకి ఫ్రీ రాడికల్స్ ఎక్కువ పుట్టాయని జర్మనీలో ఒక పరిశోధన తేల్చింది.

మచ్చ దాచుకోవడం తప్పేం కాదు. అంటువ్యాధి కానిదాన్ని పెళ్లిచూపుల్లో గుచ్చిగుచ్చి అడిగేవాళ్లదే తప్పు. మీరు మాత్రం కేజీహెచ్‌లోనో, దగ్గర్లోనో చర్మం డాక్టర్‌ని అడిగాకే వాడండి. పుండు, గీతలు ఉన్నచోట వద్దు. బయటికెళ్తే సన్‌స్క్రీన్, ఫుల్ చేతుల డ్రెస్ తప్పనిసరి. రాసుకున్న వెంటనే అరచేతులు సబ్బుతో కడుక్కోండి, లేకపోతే అవీ గోధుమరంగే.