నటన అనుకొన్నాము

సెలవుల బైబిలు పాఠశాల జరుగుచున్న దినములలో, ఒక మధ్యాహ్నము మా మందిర ఆవరణలోని ఇసుక కుప్పమీద పిల్లలు ఫోనులో చూచిన కుస్తీ ఆడుచున్నారు. ఒక అబ్బాయి క్రిందపడి చెయ్యి పట్టుకొని ఏడ్చాడు. తోటివారు చప్పట్లు కొట్టారు. నటిస్తున్నాడనుకొని మేమును నవ్వాము. తీరా చూస్తే మణికట్టు విరిగినది.

అది మా మనస్సును విడువలేదు. అమెరికాలోని ఆ ప్రదర్శన కుస్తీలో గెలుపు ఓటములు ముందే నిర్ణయించబడతాయి. పడటము మాత్రము నిజము. పలుచని మెత్త క్రింద ఉన్నవి చెక్కలు, ఇనుము. దెబ్బ తగిలినట్లు నటించుటే వారి పని గనుక, నిజముగా తగిలిన రోజున చూచేవారు నమ్మరు. 1999 మే 23న కాన్సాస్ సిటీలో ఓవెన్ హార్ట్ అను ఆటగాడు పైకప్పునుండి తాడుతో దిగవలసియుండగా పడి చనిపోయాడు. చూడవచ్చినవారిలో అనేకులు అదికూడా ఆటే అనుకొన్నారు. ఆ రాత్రి ప్రదర్శన ఆపలేదు!

నొప్పిని దాచుకొని ఆడినవానికే అక్కడ తోటివారి మెప్పు. ఆగితే అతని చోటు మరొకరిది. పైగా ఆ పెద్ద కంపెనీ వారిని ఉద్యోగులుగా గాక కాంట్రాక్టు మనుష్యులుగానే ఎంచుతుంది. కొడవలి తెగినా గుడ్డ చుట్టుకొని కోత కోసే మన కూలీలకు ఇది వివరించనక్కరలేదు.

షాన్ మైఖేల్స్ సంగతి చూడండి. 1998 జనవరిలో ఆటకై తెచ్చిన శవపేటిక అంచు తగిలి అతని నడుము దెబ్బతిన్నది. అయినను మార్చిలో మరల బరిలో దిగి, బిరుదు పోగొట్టుకొన్న తరువాతనే ఆగాడు. నాలుగేండ్లకు పైగా ఆటకు దూరమయ్యాడు. నొప్పి మాత్రలకు బానిసనయ్యాననియు, 2002లో క్రీస్తును నమ్ముకొన్నాననియు తానే సాక్ష్యమిచ్చాడు. ఆ ఆగస్టులోనే మరల ఆటకు వెళ్లాడు. ఎందుకని మమ్మును అడుగవద్దు, అతనికి తెలిసిన పని అదే.

పెనూయేలు దగ్గర రాత్రంతా పెనుగులాడిన యాకోబు తన కుంటును దాచుకొనలేదు. అతని సంతతివారు తుంటి నరము తినుట మాని ఆ గాయమును తరతరములు జ్ఞాపకముంచుకొన్నారు (ఆదికాండము 32). మన కూడికలలో "ఎలా ఉన్నారు?" అంటే "ప్రభువు కృపవలన బాగున్నాము" అనుట తప్ప మరొక జవాబు వినబడుట అరుదు. మేము చెప్పేదీ అదే.

మరునాడు ఆ అబ్బాయి ఇంటికి వెళ్లి, నవ్వినందుకు క్షమించమని అడిగాము. "నొప్పేమీ లేదయ్యగారూ" అన్నాడు. రాత్రంతా మూలుగుతూనే ఉన్నాడని వాళ్లమ్మ చెప్పింది.