ఒక బ్యూరెట్, నలుగురు పిల్లలు

డిగ్రీ కాలేజీలో ఇరవయ్యేళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నాను. కాలేజీల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ న్యాక్ నుంచి బృందం వస్తుందంటే గోడలకు రంగులు వేస్తారు, క్లాసులు ఆపి మరీ మాచేత ఫైళ్లు నింపిస్తారు. నాకు బాధ. 1994లో పుట్టిన ఆ సంస్థ కొన్ని ప్రమాణాలతో కాలేజీని తూస్తుంది. పిల్లల అభిప్రాయం తీసుకోవడం కూడా అందులో భాగమే. దాన్నే మనం గాలికొదిలేశాం.

పిల్లల్ని అడిగితే ఏం తెలుస్తుందో మొన్న నాకు అర్థమైంది. వాళ్ల టైట్రేషన్ రికార్డులు ముందేసుకుని చూశాను. లెక్కలు సరిగ్గానే ఉన్నాయి, బ్యూరెట్ రీడింగులే తప్పు. ఎందుకమ్మా అని అడిగితే ఒక అమ్మాయి, "నలుగురికీ ఒకటే బ్యూరెట్ సార్, నేనెప్పుడూ పట్టుకోలేదు" అంది. బ్యాచ్‌ను రెండుగా విడగొట్టాను. తర్వాతి ప్రాక్టికల్‌లో ఆ పిల్ల వంగి, ద్రవమట్టాన్ని కంటికి సూటిగా చూసుకుని 18.4 అని రాసింది.

ఏ తప్పు కనిపెట్టారు, ఏం మార్చారు అని న్యాక్ ప్రతి విభాగాన్నీ అడగాలి. మా ల్యాబ్‌కైతే ఇంకా ఎనిమిది బ్యూరెట్లు కావాలి.