కంప్యూటర్ సరే, కొలిమి మాటేమిటి?
క్వాంటమ్ అనగానే మనవాళ్లకు కంప్యూటరే గుర్తొస్తుంది. అమరావతి క్వాంటమ్ వ్యాలీ మాట మొదలయ్యాక మరీను. నన్నడిగితే అసలు వింత పదార్థాల్లో ఉంది. గ్రాఫీన్ అంటే ఒక్క పరమాణువు మందమున్న కార్బన్ పొర. రెండు పొరలను ఒకదానిమీద ఒకటి పెట్టి సుమారు 1.1 డిగ్రీలు మెలితిప్పితే ఎలక్ట్రాన్ల పరుగు మందగిస్తుంది, వాటి మధ్య వికర్షణదే పైచేయి అవుతుంది. 2018లో ఎంఐటీలో పాబ్లో హరీయో ఎరెరో బృందం అలాంటి పొరల్లో విద్యుత్తును అడ్డుకునే స్థితిని చూసింది. ఎలక్ట్రాన్ల సంఖ్యను కాస్త మార్చగానే 1.7 కెల్విన్ వరకు నిలిచే అతివాహకతనూ (నిరోధమే లేకుండా విద్యుత్తు పారే స్థితి) చూసింది. కొత్త మూలకమేదీ కలపలేదు, కోణం మార్చారంతే! అయస్కాంతాల్లోనూ ఇదే తంతు. క్రోమియం ట్రైఅయొడైడ్ ఒక్క పొరగా ఉంటే సుమారు 45 కెల్విన్ లోపు అయస్కాంతం. రెండు పొరలైతే వాటి అయస్కాంతత్వాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఇంత సున్నితమైన పనికి మచ్చలేని స్ఫటికాలు కావాలి. గ్రాఫీన్‌కు పైనా కిందా పరిచే బోరాన్ నైట్రైడ్ కోసం ప్రపంచ ప్రయోగశాలలు ఏళ్ల తరబడి జపాన్‌లోని సుకుబాలో తనిగుచి, వతనబే అనే శాస్త్రవేత్తల వైపే చూశాయి. వందలాది పరిశోధన పత్రాల్లో ఆ ఇద్దరి పేర్లుంటాయి. 2023లో కేంద్రం 6,003 కోట్ల రూపాయలతో ఆమోదించిన జాతీయ క్వాంటమ్ మిషన్‌లో పదార్థాలకూ చోటిచ్చారు, మంచిదే. మన తెలుగు ప్రభుత్వాలు కూడా కంప్యూటర్ల దగ్గరే ఆగిపోకుండా, విశ్వవిద్యాలయాల్లో స్ఫటికాలు పెంచే కొలిములకూ, వాటి దగ్గర ఓపిగ్గా పనిచేసే విద్యార్థులకూ డబ్బు కేటాయించాలి.