ఏసీ పాడైతే కొత్తది కొనాలా?

జూలైలో టెక్సస్‌లో ఏసీ ఆగిపోతే ఇంట్లో అందరికీ కంగారే. బయట ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్య ఇంట్లో ఉంటే కంగారు ఇంకా ఎక్కువ. మెకానిక్ వచ్చి చూసి, "ఇది పాతదైపోయింది, కొత్తది పెట్టించుకోండి" అంటాడు. వెంటనే సరే అనాలా? వద్దు అంటాను నేను. ముందు మూడు ప్రశ్నలు అడగాలి.

మొదటి ప్రశ్న: ఏం పాడైంది? ఏసీలో చాలా భాగాలు ఉంటాయి. కెపాసిటర్ అనే చిన్న డబ్బా లాంటి భాగం పోయినా ఏసీ ఆగిపోతుంది. దాన్ని మార్చడం తేలిక, ఖర్చూ తక్కువే. దానికోసం ఏసీ మొత్తం పారేయడం, చెప్పు తెగిందని బట్టలన్నీ కొత్తవి కొన్నట్టే. కానీ కంప్రెసర్ ఏసీకి గుండెకాయ. అది పోతే ఖర్చు వేల డాలర్లు అవుతుంది.

రెండో ప్రశ్న: దాని వయసెంత? ఇంటి బయట ఉండే యూనిట్‌కి ఒక చిన్న రేకు అంటించి ఉంటుంది. దాని మీద తయారైన సంవత్సరమో, సీరియల్ నంబరో కనిపిస్తుంది. ఏసీ మామూలుగా 15 ఏళ్ల దాకా పనిచేస్తుంది. అమెరికాలో చాలామంది ఒక లెక్క వేస్తారు. ఏసీ వయసుని రిపేరు ఖర్చుతో గుణించాలి. జవాబు 5,000 దాటితే కొత్తది కొనడం మేలంటారు. 8 ఏళ్ల ఏసీకి 400 డాలర్లయితే 3,200, అంటే రిపేరు చేయించవచ్చు. 14 ఏళ్ల ఏసీకి 1,500 అయితే 21,000, అంటే మార్చాలి. ఇది ఉజ్జాయింపు లెక్కే, చట్టం కాదు.

మూడో ప్రశ్న: గ్యాస్ కారుతోందా? ఏసీలో గ్యాస్ కారులో పెట్రోలులాగా ఖర్చయిపోదు. గొట్టాల్లోనే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడినట్టే. చిల్లు మూయకుండా ప్రతి ఏడూ గ్యాస్ నింపించడం అన్నిటికన్నా చెడ్డ పని అని నా అభిప్రాయం. డబ్బు గాలిలో కలుస్తుంది, భూమి కూడా వేడెక్కుతుంది. చాలా ఇళ్లలో ఉన్న ఆర్-410ఏ గ్యాస్ కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 2,000 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అంతకన్నా పాతదైన ఆర్-22 ఓజోన్ పొరకి హాని చేస్తుంది. అందుకే 2020 నుంచి అమెరికాలో దాన్ని కొత్తగా తయారుచేయడం, దిగుమతి చేసుకోవడం ఆపేశారు. ఆర్-22 ఏసీకి చిల్లు పడితే మార్చేయడమే మంచిది.

"మా ఊళ్లో అయితే ఏదైనా బాగు చేయించుకునేవాళ్లం" అని తాతయ్య అనవచ్చు. ఆయన మాట నిజమే. ఇండియాలో మెకానిక్ కూలి తక్కువ, అమెరికాలో చాలా ఎక్కువ. అందుకే లెక్క మారుతుంది. "కొత్తదైతే కరెంటు బిల్లు తగ్గుతుంది కదా" అని నాన్న అనవచ్చు. అదీ నిజమే. కానీ బాగా పనిచేసే 6 ఏళ్ల ఏసీని తీసేస్తే, బిల్లులో మిగిలే డబ్బుతో కొత్తదాని ఖరీదు తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది.

అసలు ఎండలో చెమటలు కక్కుతూ నిర్ణయం తీసుకోకూడదు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు ఉంటుంది అది. మార్చిలోనే ఏసీ చూపించుకోవాలి. మార్చాల్సి వస్తే ఇద్దరు ముగ్గురిని ధర అడగడానికి అప్పుడు సమయం ఉంటుంది. ఫిల్టర్ మార్చే రోజు గుర్తుచేయడం, బయట యూనిట్ చుట్టూ ఆకులు తీయడం మీరు కూడా చేయగలరు.

ఆలోచించి చెప్పండి
1. మీ ఇంట్లో ఏసీ వయసెంత? పెద్దవాళ్లని తెలుగులో అడిగి రాయండి.
2. 10 ఏళ్ల ఏసీకి 700 డాలర్ల రిపేరు వచ్చింది. మీరైతే ఏం చేస్తారు? రెండు కారణాలు చెప్పండి.