ఎండెమిక్ అను విశేషణము

ఆంగ్లభాషలోనికి ప్రాచీన గ్రీకుభాషనుండి వచ్చి చేరిన విశేషణములు పెక్కు కలవు. వానిలో నధికభాగము పుస్తకములలోనే యుండి, పరీక్ష ముగియగనే విద్యార్థుల నోటినుండి జారిపోవును. ఒక్క విశేషణము మాత్రము మన సీమను విడువక పట్టుకొనియున్నది. అది ఎండెమిక్ అను పదము. నల్లగొండ పేరు వైద్యగ్రంథములలో కనబడినచోట తరచుగా దాని ప్రక్కనే యీ పదమును కనబడుచుండును. వార్తాపత్రికలలోను, ప్రభుత్వ నివేదికలలోను, సామాన్యజ్ఞానపు ప్రశ్నలలోను మన బాలబాలికలు దీనిని చదువుచునే యున్నారు.

దీని యర్థమేమని తరగతిలో నడిగినచో మూడు విధములగు నుత్తరములు వచ్చుచుండును. స్థానికమైనదని కొందరు, పుట్టుకతో వచ్చినదని కొందరు, తప్పించుకొనరానిదని కొందరు చెప్పుదురు. మొదటి యుత్తరము సత్యమునకు దగ్గరగా నున్నది. తక్కిన రెండును అసత్యములు. అసత్యములే గాక హానికరములు. ఒక పదమును తప్పుగా గ్రహించుటవలన మార్కులు పోవుట స్వల్పనష్టము. తన యూరిని గూర్చియు తన దేహమును గూర్చియు తప్పుగా తలంచుట గొప్పనష్టము. కావున నీ పదమును మూలమునుండి పరిశీలించుట యుక్తమని తలంచెదను.

గ్రీకుభాషలో ఎన్ అనగా లోపల అని యర్థము. దేమోస్ అనగా ఒక సీమయు, ఆ సీమయందలి జనులును. మన భాషలో జనపదమను మాట జనులను, వారు నివసించు నేలను ఒక్కసారిగా నెట్లు తెలుపునో దేమోస్ అను మాటయు నట్లే తెలుపును. ఈ రెండును కలిసి, జనులలోపల నుండునది యను నర్థమిచ్చు పదమేర్పడెను. అది ఫ్రెంచిభాష మీదుగా ఆంగ్లేయులకు లభించెను.

ఈ పదమునకు ఇద్దరు తోబుట్టువులు కలరు. ఎపి అనగా మీద. జనులమీదికి వచ్చిపడునది ఎపిడెమిక్. పాన్ అనగా సమస్తము; సమస్త జనులను ఆవరించునది పాండెమిక్. ఎపిడెమిక్ దండెత్తి వచ్చిన సేనవంటిది. ఎండెమిక్ ఊరిలో కాపురము పెట్టిన దానివంటిది. 2020లో కరోనా వ్యాధి లోకమంతయు వ్యాపించినప్పుడు పాండెమిక్ అను మాట పసిపిల్లలకును తెలిసెను. తరువాత ఆ వ్యాధి ఎండెమిక్ అగుచున్నదని పండితులు చెప్పగా, అది బలహీనమై పోయినదని జనులు సంతోషించిరి. ఈ పదము వ్యాధి యెచ్చట నిలిచియున్నదో చెప్పునే గాని యెంత బలముగలదో చెప్పదు. ఆఫ్రికాఖండమందలి పెక్కుదేశములలో మలేరియా ఎండెమిక్. అయినను అది ప్రతివత్సరము లక్షలమందిని చంపుచున్నది.

ఇక నీ విశేషణమునకు రెండు వాడుకలు కలవు. ప్రకృతిశాస్త్రజ్ఞులు దీనిని ఒకచోటనే పుట్టి పెరుగు వృక్షములకును జంతువులకును వాడుదురు. ఎర్రచందనము తూర్పుకనుమల దక్షిణభాగమున, శేషాచలము మొదలగు కొండలకు చెందిన వృక్షము; అది యాచోటికి ఎండెమిక్. ఈ వాడుకలో పదము గౌరవవాచకము. ఆ కొండలలో ఆ చెట్టు నశించినయెడల లోకమే దానిని కోల్పోవును. వైద్యుల వాడుక వేరు. ఒక వ్యాధి ఒక ప్రాంతమున ఎడతెగక కనబడుచుండినచో వారు దానిని ఎండెమిక్ అందురు. ఆ వ్యాధి మరియొకచోట లేదని గాని, అచటి జనులతోనే పుట్టినదని గాని దాని యర్థము కాదు.

ఆంగ్లము చదువు విద్యార్థులు ఈ భేదమును రెండు చిన్న మాటలతో నిలుపుకొనవచ్చును. వృక్షము ఒక ప్రదేశమునకు చెందినదని చెప్పునపుడు ఎండెమిక్ అను మాట వెనుక టు అని వ్రాయవలెను. వ్యాధి ఒక ప్రదేశమందు నిలిచియున్నదని చెప్పునపుడు ఇన్ అని వ్రాయవలెను. రెండుచోట్లను రెండును వాడువారు లేకపోలేదు, నిఘంటువులును వారిని తప్పుపట్టవు. అయినను నా యభిప్రాయమున మన జిల్లావారు ఈ నియమమును పట్టుగా నవలంబింపవలెను. ఫ్లోరోసిస్ నల్లగొండలో నున్నది. నల్లగొండకు చెందినది కాదు.

ఇది శబ్దములతో చేయు వాదము మాత్రమే కాదు. చరిత్ర చూడుడు. 1937లో షార్ట్ మొదలగు వైద్యులు మద్రాసు రాజధానియందలి ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి వ్యాసము ప్రకటించిరి. ఆ వ్యాసపు శీర్షికలోనే ఎండెమిక్ అను విశేషణము కలదు. 1955లో డాక్టరు సిద్దిఖీ నల్లగొండ జిల్లాలోని వ్యాధిని గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసెను. 1973లో హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి యను వారు, ఇట్టి ప్రాంతములలో మోకాళ్లు లోపలికి వంగిపోవు బాధను లాన్సెట్ పత్రికలో వర్ణించిరి. ఈ విజ్ఞానము దోషమును జనుల రక్తముమీదను పుట్టుకమీదను మోపలేదు; త్రాగునీటియందే కనిపెట్టినది.

మన నేల క్రింద గ్రానైటు రాయి యున్నది. ఆ రాతిలోని కొన్ని ఖనిజములయందు ఫ్లోరిన్ కలదు. వాన తక్కువ, ఎండ ఎక్కువ. నీరు రాతిసందులలో చిరకాలము నిలిచి ఆ పదార్థమును తనలో కరగించుకొనును. సున్నము తక్కువగాను క్షారము ఎక్కువగాను ఉన్న నీటిలో అది మరింత కరగును. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు త్రాగుటకు తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కాచినందున పోదు; నీరు ఆవిరియై తగ్గినకొలది మరింత చిక్కనగును. పాలపండ్లు ఊడి కొత్తపండ్లు వచ్చుటకు ముందే చిగుళ్లలోపల రూపొందుచున్న దంతములను అది చెరుపును. చిరకాలము త్రాగినచో ఎముకలను కీళ్లను బిగించి వంచును.

నీటిలో దోషమును వెదకుట క్రొత్త విద్య కాదు. హిప్పోక్రటీసు పేర వెలసిన ప్రాచీన గ్రీకు గ్రంథములలో గాలులు, నీళ్లు, స్థలములు అనునది యొకటి. క్రొత్త పట్టణమునకు పోయిన వైద్యుడు అచటివారు త్రాగు నీటిని విచారింపవలెనని అది బోధించును. మన చరకసంహితలోను జనపదములను ధ్వంసము చేయు వ్యాధులను గూర్చి ఒక అధ్యాయమే కలదు; అందు వాయువు, జలము, దేశము, కాలము అను నాలుగు కారణములు చెప్పబడినవి. గ్రీకువైద్యుడును మన వైద్యుడును జనపదపు జలమును పరీక్షింపుమనిరే గాని జనపదపు జనులను నిందింపుమనలేదు.

నింద మాత్రము జనులకే దక్కెను. గారపట్టిన పండ్లను చూచి యెదుటివారు నవ్వుదురని నోటికి చేయి అడ్డము పెట్టుకొని మాటలాడిన బాలికలను ఈ సీమలో ఎరుగనివారు లేరు. ఫలాని యూరి పిల్ల యనగనే తప్పిపోయిన పెండ్లిసంబంధములను పెద్దలు ఎరుగుదురు. "మా యూరి గుణమే అంత" యని తల్లులు నిట్టూర్చిరి. నీటి గుణమును ఊరి గుణముగా, ఊరి గుణమును మనుష్యుల గుణముగా తలచుటయే యీ పదమును అపార్థము చేసికొనుట. అపార్థము నమ్మకమైనప్పుడు ప్రయత్నము నిలిచిపోవును. పుట్టుకతో వచ్చినదానికి మందు ఎవరు వెదకుదురు? గుణముగా నున్నదానికి గొట్టములు ఎవరు వేయుదురు?

దేమోస్ అను మాటయే డెమోక్రసీ యను పదములోను కలదు. జనుల పాలన యని దాని యర్థము. 1996లో లోకసభ ఎన్నికలు వచ్చినప్పుడు జలసాధన సమితి ప్రేరణమున, ఫ్లోరైడు బాధను దేశమునకు ఎరిగించుటకై నల్లగొండ నియోజకవర్గమున అభ్యర్థులు గుంపులుగా నామపత్రములు వేసిరి. తుదకు పోటీలో నిలిచినవారు 480 మంది. ఓటుకాగితము పుస్తకమంతయై, అచటి ఎన్నికయే వాయిదా పడెను. ఎండెమిక్ అను పదములో మూగగా పడియున్న జనులు డెమోక్రసీ యను పదములో నోరు తెరచిరి. ఈ రెండు పదముల బంధుత్వమును బోధించుటకు ఇంతకంటె మంచి పాఠము నాకు దొరకలేదు.

నిలిచియున్నది కదలింపబడదా? నారికురుపును చూడుడు. దిగుడుబావులలో దిగి నీరు ముంచుకొనిన కాలమున, వత్సరము తిరిగినపిమ్మట కాలినుండి దారమువంటి పురుగు వెడలెడిది. 1984 నాటికి అది మన దేశమున ఏడు రాష్ట్రములలో ఎండెమిక్. వానిలో ఆంధ్రప్రదేశము ఒకటి. నీటిని వడగట్టి త్రాగుట, దిగుడుబావులను మార్చుట, రోగులను నీటిలో దిగనీయకుండుట అను సామాన్యోపాయములతో అది తరిగిపోయెను. 1996లో రాజస్థానమందు కడపటి రోగి కనబడెను. 2000లో భారతదేశము ఆ వ్యాధినుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించెను. నేటి మన విద్యార్థులకు ఆ కురుపు పేరైనను తెలియదు.

ఫ్లోరోసిస్ విషయమునను ప్రయత్నములు జరిగినవి. 1970 దశకమున నాగపూరులోని జాతీయ పర్యావరణ సంస్థవారు పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి నీటినుండి ఫ్లోరైడును తీయు పద్ధతిని కల్పించిరి. దానికి నల్లగొండ పద్ధతి యని పేరు. అది సముద్రము దాటి టాంజానియా దేశమువరకు పోయెను, ఏలయన నచటను ఇదే వ్యాధి కలదు. వ్యాధి నల్లగొండకే చెందినది కాదనుటకు ఇంతకు మించిన సాక్ష్యమేల? మన పేరు రోగమునకు గాక చికిత్సకు తగిలియుండుట మనకు గర్వకారణము. తరువాత 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకమున కృష్ణాజలము గొట్టములద్వారా మన గ్రామములకు చేరినది. వంగిన ఎముక తిరిగి చక్కబడదు. కాని యిప్పుడు పుట్టు శిశువునకు ఆ బాధ రానవసరము లేదు. అయినను పొలమునకు పోయినవారు దాహమువలన బోరునీరు త్రాగుచు, పిల్లలకును ఇచ్చుచున్నారు. తలిదండ్రులు ఇంటినుండియే నీరు తీసికొనిపోవలెనని నా మనవి.

పాలమూరు సీమయందు ఈ పదమునకు మరియొక దుర్వినియోగము కలదు. కరవు అచట ఎండెమిక్, వలస ఎండెమిక్, బీదతనము ఎండెమిక్ అని వ్రాయుట ఆంగ్లపత్రికలవారికి అలవాటైనది. ఇతరుల కొరకు ఆనకట్టలు కట్టి, బాటలు వేసి, కాలువలు త్రవ్విన పాలమూరు కూలీలకు వలస పుట్టుగుణమా? నీరులేని మెట్టపొలములు వారిని పంపినవి. ఇట్టి వాక్యము వ్రాయువాడు కారణమునుగూడ దాని ప్రక్కనే వ్రాయవలెను. కారణము వ్రాయనిచో ఆ విశేషణము విచారణకు అడ్డుగోడ యగును.

మన పాఠశాలలో చాలమందికి తెలిసిన యొక గ్రంథమునుండి ఒక సంగతి జ్ఞాపకము చేసెదను. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో, అయిదవ అధ్యాయమున, ఈ పదమునకు బంధువైన క్రియను మూడుమారులు వాడెను. దేహమందు నివసించుటను గూర్చియు ప్రభువునొద్ద నివసించుటను గూర్చియు చెప్పుచు, ప్రతిసారియు దాని ప్రక్కనే ఎన్ బదులు ఎక్ చేర్చి, విడిచి వెళ్లుట యను వ్యతిరేకక్రియను నిలిపెను. నివసించునది విడిచిపోగలదు. గ్రీకువారి చెవికి ఈ రెండు మాటలును జంటగానే వినబడెను. మన చెవికి ఒక్కటియే వినబడుచున్నది.

ఈ పదమును తెనుగున నెట్లు చెప్పవలెను? స్థానికమనుట చాలదు, ఆ మాట మన ఎన్నికల సంస్థలకును వర్తించును. వృక్షముల విషయమున ఈ చోటనే పుట్టునది యనుడు. వ్యాధి విషయమున నెలకొన్నది యనుడు. నెలకొనుట యనగా వచ్చి స్థిరపడుట. వచ్చినదనిన ఎచ్చటినుండి వచ్చినదని యడుగవచ్చును. స్థిరపడినదనిన ఎట్లు తొలగింతుమని యడుగవచ్చును. పుట్టుగుణమన్నచో ఈ రెండు ప్రశ్నలకును తావు లేదు.

విద్యార్థులారా, ఎండెమిక్ అను పదము మీ యూరి పేరు ప్రక్కన కనబడినప్పుడు తలవంచుకొనకుడు. ఏ నీటిలో, ఎంత పాలు, ఎప్పటినుండి, ఎంతమందికి, ఏమి చేసినచో పోవును అని యడుగుడు. ఆ ప్రశ్నలకు ఉత్తరము చెప్పలేనివాడు ఆ విశేషణమును వాడుటకు అర్హుడు కాడు.