పిన్నిగారి కిటికీ

ఢిల్లీ సరోజినీ నగర్‌లో కేంద్ర ప్రభుత్వోద్యోగుల పాత క్వార్టర్లు కూల్చి టవర్లు లేపుతున్నారు. అందుకోసం చేపట్టిన చెట్ల నరికివేతను 2018లో హైకోర్టు ఆపింది. నా దిగులు మాత్రం కిటికీల గురించి. ఆ పొట్టి ఇళ్ల కిటికీ దగ్గర బీన్స్ తుంచుతూనే మన పిన్నిగారు సందులోకొచ్చిన కొత్త మొహాన్ని ‘కిస్‌కే ఘర్ జానా హై?’ (ఎవరింటికి వెళ్లాలి?) అని నిలదీసేవారు. 1961లో నగరాల గురించి రాసిన జేన్ జేకబ్స్ వీధిని కనిపెట్టుకునుండే కళ్లన్నది ఇలాంటివాళ్లనే. పదో అంతస్తు నుంచి ఎవరి మొహం ఆనుతుంది? సీసీ కెమెరా దొంగను తర్వాత చూపిస్తుందంతే. నిజమే, కళ్లున్నంత మాత్రాన అన్నీ ఆగవు. 2005 అక్టోబర్ 29న, దీపావళి ముందు కిటకిటలాడే ఇక్కడి మార్కెట్లోనే బాంబు పేలింది. జేబుదొంగకూ ఆ రద్దీయే కావాలి. అయినా టవర్ల కింద ఎత్తైన ప్రహరీ కన్నా నాలుగు దుకాణాలు, ఓ చాయ్ బండి పెట్టమంటాను.