పాత విమానమే దోషి కాదు

సంపాదకులకు,

నేపాల్ విమాన ప్రమాదాలపై మీరు వేసిన వ్యాసం నిందంతా పాత విమానాల మీదే మోపింది. నేను ఒప్పుకోలేను. 2022 మే 29న పోఖరా నుంచి జోమ్‌సోమ్ వెళ్తూ 22 మందితో కూలిన తారా ఎయిర్ ట్విన్ ఆటర్ పాతదే, నిజం. కానీ 2016 ఫిబ్రవరిలో అదే దారిలో 23 మందిని బలిగొన్న ఆ సంస్థ విమానం, కొని ఏడాదైనా కాని కొత్తది! రెండూ మబ్బుల్లోకి వెళ్లి కొండను గుద్దుకున్నవే.

ఆ దారికి ఒకపక్క అన్నపూర్ణ, మరోపక్క ధవళగిరి, రెండూ ఎనిమిది వేల మీటర్లు దాటిన శిఖరాలు. నడుమ కాళీగండకి లోయ. పొద్దెక్కేకొద్దీ అక్కడ గాలి విజృంభిస్తుంది, అందుకే విమానాలు పొద్దున్నే నడుపుతారు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి ఇంజిన్ సత్తువ తగ్గుతుంది. లోయ ఇరుకైతే వెనక్కి తిరగడానికి చోటుండదు. కంటిచూపుతో నడిపే పైలట్ మబ్బు కమ్మకముందే మళ్లాలి, కమ్మాక కాదు. కొత్త విమానం కొన్నంత మాత్రాన ఆ నిర్ణయం దానంతటదే రాదు.

జోమ్‌సోమ్ మీదుగా ముక్తినాథ్ దర్శనానికి వెళ్లే మనవాళ్లూ ఈ విమానాలే ఎక్కుతున్నారు. తిరుగు టికెట్లు మర్నాటికే పెట్టుకుని, విమానం ఆపితే కౌంటర్ దగ్గర గొడవపడటం ఎంత ప్రమాదమో చెప్పండి. ట్రావెల్స్ వాళ్లు పోఖరాలో కనీసం ఒక రోజు అదనంగా ఉంచాలి. ఈ మాట మీ యాత్రా పేజీలో తప్పక రాయండి.

— ఒక పాఠకుడు, విజయవాడ